కాంచనబురి పల్లెలు చూడాలంటే రోజుకొక నది చాలు

ముందు అడిగిన సంగతి. డిసెంబర్ రెండో వారంలో హైదరాబాద్ నుంచి నలుగురు బ్యాంకాక్ వస్తున్నారు: భార్యాభర్తలు, పదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అరవై ఆరేళ్ల అమ్మగారు. మాల్స్, మార్కెట్లు కాకుండా పల్లెటూరి థాయిలాండ్ చూడాలని కోరిక. బ్యాంకాక్‌లోనే ఉంటూ, పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేలా కాంచనబురి వంతెన, కొండ అంచు రైలు, ఎరవాన్ జలపాతం, హెల్‌ఫైర్ పాస్ (యుద్ధ ఖైదీలు కొండరాతిని తొలిచి వేసిన పాత రైలు దారి) నాలుగూ కుదురుతాయా? అందరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు.

కుదరవు. టూర్ ఏజెంట్లు కుదురుతుందనే చెబుతారు. పైగా రైలు పట్టాల మార్కెట్‌నూ, తేలే మార్కెట్‌నూ అందులోనే కలిపి అమ్ముతారు. వాళ్ల ప్యాకేజీలో ఒక్కోచోట దిగి ఉండేది ముప్పావుగంట, మిగతాదంతా వ్యాన్ కిటికీలోంచి హైవే చూడటమే. బ్యాంకాక్ నుంచి కాంచనబురి 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఊరి ట్రాఫిక్ దాటి చేరేసరికి రెండున్నర నుంచి మూడు గంటలు. ఎరవాన్ అక్కడి నుంచి ఇంకో 65 కిలోమీటర్లు, హెల్‌ఫైర్ పాస్ మరోవైపు 80 కిలోమీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

కాబట్టి మకాం మార్చండి. కాంచనబురి ఊళ్లో మూడు రాత్రులు ఉంటే హాయి, రెండు తప్పనిసరి. బ్యాంకాక్ హోటల్‌కు ఆ రోజుల అద్దె కట్టి ఖాళీగా ఉంచుకోవద్దు. పెద్ద పెట్టెలు అక్కడి లగేజీ గదిలో పెట్టి, చిన్న సంచులతో రండి.

ఇక్కడి భూగోళం ఒక్కసారి అర్థమైతే ప్లాన్ దానంతటదే తేలిపోతుంది. రెండు నదులు, క్వే యై, క్వే నోయ్, ఊరి దగ్గర కలిసి మేక్లాంగ్ అవుతాయి. ఎరవాన్ జలపాతం క్వే యై పక్కన 3199 నంబరు రోడ్డు మీద ఉంది. రైలు మార్గం, ముయాంగ్ సింగ్ కోట, హెల్‌ఫైర్ పాస్, సాయ్ యోక్ జలపాతాలు క్వే నోయ్ వైపు, 323 నంబరు రోడ్డుకు అటూఇటూ. మధ్యలో కొండలు. సొంత కారున్నవాళ్లకు అడ్డంగా దాటే దారి ఉంది గానీ, బస్సు మీద ఆధారపడేవాళ్లకు అది లేనట్టే. రోజుకొక నది పెట్టుకోండి. రెండూ కలిపితే రెండూ చెడతాయి.

ఇంకో మాట. ఇక్కడ ఎక్కడికైనా వెళ్లడం తేలిక, తిరిగి రావడమే కష్టం. ఊళ్లో గ్రాబ్, బోల్ట్ యాప్‌ల బండ్లు దొరుకుతాయి. జలపాతం దగ్గరో హెల్‌ఫైర్ పాస్ దగ్గరో సాయంత్రం నాలుగున్నరకు యాప్ తెరిస్తే ఒక్క బండీ కనిపించదు. పొద్దున పోవడానికి ఏ బండి దొరికిందన్నది కాదు, వెనక్కి తెచ్చేది ఏదన్నది ముందు తేల్చుకుని అప్పుడు కాలు బయట పెట్టాలి.

బ్యాంకాక్ నుంచి చేరడం

మూడు దారులు. ఒకటి, సాయ్ తాయ్ మై అనే దక్షిణ బస్ టెర్మినల్ నుంచి, లేదా మో చిత్ అనే ఉత్తర టెర్మినల్ నుంచి మినీ వ్యాన్లు. తరచుగా ఉంటాయి, చవక, కానీ సీట్లు ఇరుకు, సామానుకు చోటుండదు. పెద్ద సంచికి ఇంకో సీటు డబ్బు అడుగుతారు. రెండు, థొన్‌బురి స్టేషన్ నుంచి రైలు. ఇది నది అవతల ఒడ్డున సిరిరాజ్ ఆస్పత్రి వెనక ఉంటుంది. పెద్ద స్టేషన్‌కు వెళ్లి వెతికితే ఈ రైలు దొరకదు. ఉదయం 7:45 ప్రాంతంలో ఒకటి, మధ్యాహ్నం 1:55 ప్రాంతంలో ఇంకొకటి. అంతా మూడో తరగతే, ఏసీ లేదు, రిజర్వేషన్ లేదు, విదేశీయులకు ఎక్కడ దిగినా టికెట్ 100 బాత్. మూడు, నలుగురికి కలిపి హోటల్ దగ్గరి నుంచే కారు. అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా నేనైతే రాకపోకలకు కారే చెబుతాను. రైలు సరదా ఎలాగూ కాంచనబురి నుంచి ముందుకు వెళ్లేటప్పుడు తీరుతుంది. బ్యాంకాక్ శివార్ల మీదుగా వచ్చే మొదటి భాగంలో చూడదగ్గది పెద్దగా లేదు.

బస చేసేది వంతెనకూ యుద్ధ శ్మశానానికీ మధ్య ఉన్న మే నామ్ క్వే రోడ్డు వైపు చూడండి. తిండి, బండ్లు, మందుల షాపు అన్నీ నడక దూరంలో ఉంటాయి. నది మీద తేలే తెప్ప గదులు ఫొటోల్లో బాగుంటాయి గానీ వాటిలోకి దిగే ర్యాంప్ నిటారుగా, నీటిమట్టాన్ని బట్టి ఊగుతూ ఉంటుంది. పైగా శుక్ర, శనివారాల రాత్రులు పాటల పెట్టెలు పెట్టుకున్న పార్టీ తెప్పలు నది పొడవునా తిరుగుతాయి. అమ్మగారికి ఒడ్డు మీద గదే మేలు.

క్వే నోయ్ రోజు: రైలు, హెల్‌ఫైర్ పాస్, ముయాంగ్ సింగ్

ఈ రైలును దాదాపు అందరూ ఉదయం పదిన్నరకు ఎక్కుతారు. బ్యాంకాక్ నుంచి వచ్చే బండి అదే, టూర్ బస్సులు జనాన్ని తెచ్చి దింపేదీ ఆ బండికే. వంతెన స్టేషన్‌లో ఒక్కసారిగా వంద మంది ఎక్కితే మీకు నిలబడే చోటు కూడా ఉండదు. దానికి బదులు తెల్లవారి ఆరు దాటాక కాంచనబురి స్టేషన్ నుంచి బయల్దేరే బండి ఎక్కండి. బడి పిల్లలు, సంతకు వెళ్లే ఆడవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. చివరి స్టేషన్ నామ్ టోక్‌కు ఎనిమిదిన్నర లోపు చేరుస్తుంది. టైములు ముందురోజు స్టేషన్ బోర్డు మీద ఒకసారి సరిచూసుకోండి. అరగంట ఆలస్యం మామూలే.

అమ్మగారిని వంతెన దగ్గర కాకుండా ఊరి స్టేషన్‌లోనే ఎక్కించండి. అక్కడ తోపులాట ఉండదు, బండి కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం నేలబారుగా ఉండి పెట్టె మొదటి మెట్టు మోకాలెత్తున వస్తుంది. దిగేటప్పుడు ఒకరు ముందు దిగి చెయ్యి అందించాలి.

నామ్ టోక్ వైపు వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు కిటికీ పట్టండి. నది అటే ఉంటుంది. డిసెంబర్‌లో వంతెన దాటేసరికి ఇంకా మసక చీకటే. తర్వాత చెరకు తోటలు, కర్రపెండలం చేలు, వాటి మీద పొగమంచు. థామ్ క్రసే దగ్గర అసలు ఘట్టం: ఒకవైపు కొండను చెక్కిన రాతి గోడ, రెండోవైపు కిందున్న నది, మధ్యలో దాదాపు 400 మీటర్ల పొడవున కొయ్య దూలాల మీద నిలబెట్టిన పట్టాలు. బండి ఇక్కడ నడక వేగానికి తగ్గిపోతుంది, దూలాలు కిర్రుమంటాయి. రాతి గోడ ఎంత దగ్గరంటే కుడివైపు కిటికీలోంచి చెయ్యి చాస్తే తగులుతుంది. అందుకే ఎటువైపు కూర్చున్నా పాప చెయ్యి, తల, ఫోన్ లోపలే ఉండాలి.

డ్రైవర్‌తో కారు మాట్లాడుకుని, మిమ్మల్ని స్టేషన్‌లో వదిలాక ఖాళీ బండిని రోడ్డు మీద నామ్ టోక్‌కు రమ్మనండి. ఈ ఏర్పాటు చాలామందికి తట్టదు, మొత్తం రోజును నిలబెట్టేది ఇదే. డ్రైవర్‌తో కూడిన కారుకు సాధారణంగా రోజుకు 2,000 నుంచి 3,000 బాత్ మధ్య మాట నడుస్తుంది. పెట్రోలు అందులోనేనా విడిగానా, ఎన్ని గంటలు అన్నది మొదటే రాయించుకోండి. కారు లేకుండా వెళ్లేవాళ్లకు నామ్ టోక్ స్టేషన్ నుంచి కొద్ది దూరంలో 323 రోడ్డు, దాని మీద కాంచనబురి–సంగ్‌ఖ్లబురి మధ్య తిరిగే 8203 నంబరు బస్సు ఉన్నాయి. వెనక్కి రైళ్లు మధ్యాహ్నం 12:55కు ఒకటి, 3:30కు ఇంకొకటి. 3:30 బండి తప్పితే ఆ రోజుకు రైలు లేదు.

డ్రైవర్‌కు చోటు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. థాయిలో జలపాతాన్నే నామ్ టోక్ అంటారు. ఉత్త ‘నామ్ టోక్’ అంటే ఏదో ఒక జలపాతానికి తీసుకెళ్తాడు. స్టేషన్ కావాలంటే ‘సథానీ రోట్ ఫాయ్ నామ్ టోక్’ అనండి. అలాగే సాయ్ యోక్ నోయ్ వేరు, సాయ్ యోక్ యై వేరు. రెంటికీ మధ్య నలభై కిలోమీటర్ల పైమాటే. స్టేషన్‌కు దగ్గరగా, రోడ్డు పక్కనే ఉన్నది నోయ్. వానాకాలంలో బాగుంటుంది. డిసెంబర్‌కు ధార సన్నబడుతుంది, ఫిబ్రవరి వచ్చేసరికి తడిసిన రాయి మాత్రమే మిగులుతుంది. దాని కోసం ప్రత్యేకంగా ఆగనక్కర్లేదు.

హెల్‌ఫైర్ పాస్‌కు నామ్ టోక్ నుంచి అరగంట లోపే. మ్యూజియం ఉదయం 9కి తెరుస్తారు, సాయంత్రం 4 వరకు, ప్రవేశం ఉచితం. చెవికి పెట్టుకునే వివరణ పరికరం తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే మీకు కనిపించేది రాతిలో తొలిచిన ఒక దారి, అంతే. మ్యూజియం నుంచి కిందికి పట్టాల మార్గానికి చాలా మెట్లున్నాయి, వెనక్కి అవే ఎక్కాలి. అమ్మగారు పైన మ్యూజియంలో, వెనకున్న లోయ వైపు అరుగు మీద కూర్చోవడం మంచిది. మిగతావాళ్లు రాతిలో తొలిచిన ఆ దారి వరకు వెళ్లి తిరిగి రావడానికి గంట, గంటంబావు పెట్టుకోండి. రాతి గోడల్లో విరిగిన డ్రిల్ మేకు ముక్క ఒకటి ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. పాపకు చూపించండి, మనుషులు చేత్తో సమ్మెట కొట్టి తవ్వారన్నది అప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పవలసింది ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గాన్ని 1942–43లో వేయించింది. బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ యుద్ధ ఖైదీల్లో 12 వేల మందికి పైగా చనిపోయారు. ఊళ్లో చక్కగా గడ్డి కత్తిరించి, పేరు పేరునా ఫలకం పెట్టిన దాదాపు 7 వేల సమాధులు వాళ్లవే. కానీ అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయింది ఆసియా కూలీలు. అంచనాలు 90 వేల దాకా వెళ్తాయి. బర్మా, జావా, మలయా నుంచి తెచ్చినవాళ్లు. మలయా రబ్బరు తోటల నుంచి వచ్చినవాళ్లలో తమిళులు ఎక్కువ, వాళ్లతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఖైదీల శిబిరాల్లో కనీసం సైనిక డాక్టర్లుండేవారు, చనిపోయినవాళ్ల పేర్లు రాసుకునేవారు. కూలీల శిబిరాల్లో ఆ రెండూ లేవు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. అందుకే వాళ్లకు పేర్లున్న శ్మశానం లేదు. ఊళ్లో యుద్ధ శ్మశానం పక్కనే ఉన్న రైల్వే చరిత్ర కేంద్రంలో ఈ కూలీల సంగతి వివరంగా పెట్టారు. శ్మశానం పది నిమిషాలు చూసినా, ఈ కేంద్రానికి గంటన్నర ఇవ్వండి. ముందురోజు సాయంత్రమే, నాలుగు లోపల, చూసి పడుకుంటే మర్నాడు రైలు ప్రయాణం వేరేగా ఉంటుంది.

వంతెన మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఇనుప వంతెన, నడవొచ్చు, బండి వస్తే పక్కకు నిలబడే అరుగులున్నాయి. గుండ్రటి తోరణాల గడ్డర్లు అసలువి, మధ్యలో కోణాలుగా ఉన్నవి బాంబులు పడ్డాక యుద్ధం తర్వాత వేసినవి. నిజానికి వంతెన ఉన్నది అప్పట్లో మేక్లాంగ్ అని పిలిచే నది మీద. ‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ సినిమా చూసి వచ్చే జనం క్వే నది ఏదని అడుగుతుంటే 1960ల్లో ఈ భాగానికి క్వే యై అని పేరు పెట్టారు. పొద్దున ఏడు లోపలో, సాయంత్రం ఐదు తర్వాతో అరగంట చాలు.

తిరుగుదారిలో ముయాంగ్ సింగ్. ఒకప్పటి కంబోడియా ఖ్మేర్ రాజ్యం పడమటి కొసన, 13వ శతాబ్దం నాటి లేటరైట్ రాతి గుడి, చుట్టూ కోట గోడ, మట్టి కట్టలు. ఆ రాజ్య రాజధాని ఆంగ్‌కోర్‌లోని బాయోన్ గుడి శైలి, మహాయాన బౌద్ధం. ఆంగ్‌కోర్ చూసినవాళ్లకు ఇది చిన్నదిగా అనిపిస్తుంది. కానీ ఇక్కడ జనం ఉండరు, నేల చదును, నీడనిచ్చే చెట్లు, అమ్మగారు హాయిగా తిరిగే చోటు. లోపలున్న అవలోకితేశ్వరుడి విగ్రహం నకలు, అసలుది బ్యాంకాక్ జాతీయ మ్యూజియంలో ఉంది. గుడి చూసి వెళ్లిపోకుండా నది వైపు గోడ దాటి వెళ్తే, తవ్వకాల్లో బయటపడ్డ చరిత్రపూర్వ కాలపు అస్థిపంజరాలున్న చోటు కనిపిస్తుంది. కారు లేనివాళ్లు థా కిలెన్ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు.

ఎరవాన్ రోజు

కాంచనబురి బస్ స్టేషన్ నుంచి 8170 నంబరు బస్సు ఉదయం ఎనిమిది నుంచి, ఇంచుమించు గంటకొకటి. గంటన్నర ప్రయాణం. చివరి తిరుగు బస్సు సాయంత్రం నాలుగు ప్రాంతంలో. దిగేటప్పుడే కండక్టర్‌ను అడిగి, వేళ్లతో గంట చూపించమని ఖాయం చేసుకోండి. మొదటి బస్సుకే వెళ్లండి. ప్రవేశ రుసుము విదేశీయులకు పెద్దలకు 300, పిల్లలకు 200 బాత్.

డిసెంబర్ 5, 10 థాయ్ సెలవులు. వాటికి శని, ఆదివారాలు కలిసిన వారంలో బ్యాంకాక్ సగం ఇక్కడే ఉంటుంది. మీ తేదీల్లో ఎరవాన్‌కు మంగళవారమో గురువారమో చూసుకోండి.

జలపాతం ఏడు అంచెలు. మొదటి దాని నుంచి ఏడో దాని వరకు కాలిబాట కిలోమీటరున్నర దాకా. కారు ఆగే చోటి నుంచి మొదటి అంచెకు కూడా కొంత నడక ఉంది, ఎలక్ట్రిక్ బండ్లు ఉంటాయి, అమ్మగారిని ఎక్కించండి. మొదటి రెండూ దాదాపు చదును. రెండోది అందరికీ నచ్చేది, విశాలమైన మడుగు, జలపాతం తెర వెనక రాతి గుహలాంటి చోటు, కూర్చోవడానికి చెట్ల నీడ. అమ్మగారి ప్రయాణం ఇక్కడితో ఆపితే నష్టమేమీ లేదు. మూడోది కాస్త ఎత్తు. నాలుగులో నున్నటి గుండ్రటి బండల మీద జారుడు ఆడతారు, పాపకు ఇదే పండగ. ఐదులో లోతులేని మడుగులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆరు, ఏడు మధ్య నిటారు మెట్లు, వేర్లు, చెమ్మ నేల. పాపతో వెళ్తే ఐదు దగ్గర వెనక్కి తిరగడం తెలివైన పని. మధ్యాహ్నం మూడు దాటాక పై అంచెలకు వెళ్లనివ్వరు, పైనున్నవాళ్లను కిందికి పంపడం మొదలుపెడతారు. అందుకే ముందు ఎక్కగలిగినంత పైకి వెళ్లి, దిగుతూ స్నానాలు చేయాలి. చాలామంది రెండో మడుగులోనే పన్నెండు దాకా గడిపి, తర్వాత పైకి పరుగెత్తి అలసిపోతారు.

రెండో అంచె దాటాక తిండి తీసుకెళ్లనివ్వరు. నీళ్ల సీసాలకు పేరు రాసుకుని 20 బాత్ డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీ సీసా తిరిగి చూపిస్తే డబ్బు ఇస్తారు. కొత్తవాళ్లు దీన్ని మోసమనుకుని గొడవపడతారు. చెత్త లేకుండా ఉంచడానికి పెట్టిన పద్ధతి అది. భోజనం చెక్‌పోస్ట్ ముందే ముగించండి. ఈత కొట్టాలంటే లైఫ్ జాకెట్ తప్పనిసరి, అక్కడే అద్దెకిస్తారు.

నీళ్ల ఆ పాలనీలి రంగు సున్నపురాయి వల్ల. నీటిలో కరిగిన సున్నం రాళ్ల మీదా, పడిన కొమ్మల మీదా పేరుకుని అంచెలుగా గట్లు కడుతుంది. నీళ్లు గలగల పారే చోట ఆ గట్టు గరుకుగా కాలికి పట్టునిస్తుంది. నిలవ నీళ్లున్న అంచుల్లో నాచు పట్టి సబ్బు రాసినట్టు జారుతుంది. చాలామంది పడేది అక్కడే, ఒడ్డు నుంచి మొదటి అడుగులో. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. జీన్స్‌తో దిగితే తడిసి బరువెక్కి మెట్లు ఎక్కనీయదు.

మడుగుల్లో చేపలు కాళ్లకు చుట్టుకుని చర్మం కొరుకుతాయి. అరచెయ్యంత చేపలు వస్తే పిల్లలు కేకలు పెడతారు. కాళ్లు కదుపుతూ ఉంటే రావు. కాలికి పుండు ఉంటే దిగొద్దు. కోతులు సంచి జిప్పు తీయడంలో ఆరితేరినవి. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు.

భారీ వానలు పడిన మర్నాడు రంగు పోయి ఎర్రటి బురద నీళ్లు వస్తాయి, పై అంచెలు మూసేస్తారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆ ప్రమాదం ఎక్కువ. నవంబర్, డిసెంబర్ నీళ్లకూ రంగుకూ రెంటికీ మంచి నెలలు. మార్చి, ఏప్రిల్‌లలో ఎండ మంట, దానికి తోడు చెరకు ఆకు, అడవి తగలబెట్టిన పొగ.

మూడో రోజు సగం: థా ముయాంగ్ వైపు

బ్యాంకాక్ తిరిగి వెళ్లేరోజు ఉదయం పెట్టుకోండి. ఊరికి దక్షిణంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో వాట్ థామ్ సుయా (పులి గుహ గుడి అని అర్థం) అనే కొండ గుడి. 150 పైచిలుకు మెట్లున్నాయి, పక్కనే కొండ ఎక్కించే చిన్న తీగబండి కూడా ఉంది, అమ్మగారికి అదే. పైన 18 మీటర్ల కూర్చున్న బుద్ధుడు, ముందు ఒక కన్వేయర్ బెల్టు. దాని మీదున్న చిన్న పాత్రల్లో నాణెం వేస్తే అది బుద్ధుడి ముందున్న పెద్ద పాత్ర దాకా ప్రయాణించి అందులో పడుతుంది. పాప దగ్గర చిల్లర మొత్తం అక్కడే అయిపోతుంది. కింద చుట్టూ వరి మడులు. మేక్లాంగ్ ఆనకట్ట కాలవల వల్ల ఇక్కడ ఏడాదికి ఒక పంటతో ఆగరు. మీరు వెళ్లే వారం పచ్చగా ఉంటుందా, కోసిన మోళ్లే ఉంటాయా అన్నది మడిని బట్టి ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

మ్యాప్‌లో ఈ పేరు కొడితే దక్షిణాన క్రాబీలో ఉన్న అదే పేరున్న గుడి ముందు వస్తుంది. థా ముయాంగ్ అనే జిల్లా పేరు కలిపి వెతకండి. పాత బ్లాగుల్లో కనిపించే ‘పులుల గుడి’ మూడోది, పూర్తిగా వేరు. పులులతో ఫొటోలు దిగే ఆ చోటును 2016లో అధికారులు పులులను తరలించి మూయించారు. ఇప్పటికీ అక్కడికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే ఆ మనిషి దగ్గర ఇంకేదీ బుక్ చేయకండి.

తర్వాత పెద్ద నిద్రగన్నేరు చెట్టు. మన కాలేజీల్లో, రోడ్ల పక్కన ఉండే చెట్టే. ఇది వందేళ్లు దాటింది, కొమ్మలు యాభై మీటర్ల వెడల్పున పరుచుకున్నాయి. జనం తొక్కిడికి వేర్లు చచ్చిపోకుండా చుట్టూ ఎత్తుగా నడకదారి కట్టారు, దాని మీద నుంచే చూడాలి. సైన్యం భూమిలో ఉంది, గేటు దగ్గర ఆపితే కంగారుపడకండి. పావుగంట చాలు, అయినా వెళ్లండి.

తిండి

శాకాహారం అంటే చేప సాస్ పర్వాలేదనుకునే వంటవాళ్లు ఎక్కువ. వాళ్లకు అది ఉప్పులాంటిది. ‘కిన్ జే’ అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేని తిండి. జే హోటళ్లకు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటాయి, మన కంటికి అది 17 అంకెలా కనిపిస్తుంది. ఆ జెండా చూసి లోపలికి వెళ్తే ఇంకేమీ అడగక్కర్లేదు. ఇవి పొద్దున తెరిచి మధ్యాహ్నం రెండుకల్లా కట్టేస్తాయి. మిగతా హోటళ్లలో ఇవి చెప్పాలి: ‘మై సై నామ్ ప్లా’ చేప సాస్ వద్దు, ‘మై సై నామ్ మన్ హోయ్’ ఆయిస్టర్ సాస్ వద్దు, ‘మై సై కపి’ రొయ్య ముద్ద వద్దు, ‘మై సై ఖై’ గుడ్డు వద్దు. మన ఉచ్చారణ వాళ్లకు అందకపోవచ్చు. థాయ్ లిపిలో ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. బొప్పాయి సలాడ్ పచ్చిగా, శాకంగా కనిపిస్తుంది గానీ అందులో ఎండు రొయ్యలు పడతాయి. కూరల ముద్దలో రొయ్య ముందే కలిసి ఉంటుంది, తీసేయమంటే తీయలేరు. కాబట్టి రెడ్ కర్రీ, గ్రీన్ కర్రీ జే హోటల్లో తప్ప వద్దు.

నమ్మకంగా తినగలిగేది ఖావ్ లామ్. మన అరకు బొంగు చికెన్‌లా వెదురు బొంగులోనే కాలుస్తారు, కాకపోతే లోపల జిగురు బియ్యం, కొబ్బరి పాలు, నల్ల చిక్కుడు గింజలు, చక్కెర. బొంగును అరటి తొక్కలా ఒలిచి తినడమే. రోడ్డు పక్కన అమ్ముతారు. కాల్చిన అరటిపండు, ఉడికించిన వేరుశనగ, చిలగడదుంపలు ప్రతి సంతలోనూ ఉంటాయి. ఎరవాన్, హెల్‌ఫైర్ పాస్ రోజుల్లో ఊరి నుంచే పొద్దుటి జే హోటల్లో అన్నం కట్టించుకుని వెళ్లండి. మీ పులిహోర పొడి, ఖాఖ్రాలు రోజుకొక పొట్లం చాలు, పెట్టె నిండా మోసుకురావద్దు.

బండి, డబ్బు

మీరే నడపాలనుకుంటే, రోడ్డుకు ఎడమవైపే నడపాలి కాబట్టి మనవాళ్లకు ఇబ్బంది ఉండదు. మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, దాంతోపాటు అసలు లైసెన్స్ రెండూ చేతిలో ఉండాలి. స్కూటర్‌కైతే అందులో మోటార్‌సైకిల్ ముద్ర ఉండాలి. కారు ముద్రతో స్కూటర్ నడిపి పడితే ప్రయాణ బీమా పైసా ఇవ్వదు. అద్దెకిచ్చేవాళ్లు ఇవేవీ అడగరు, అడగలేదు కదా అని సరిపోయిందనుకోవద్దు. పాస్‌పోర్టు కుదువ పెట్టమంటే పక్క షాపుకు వెళ్లండి, నకలూ నగదు డిపాజిట్టూ చాలనేవాళ్లుంటారు. తీసుకునే ముందు బండి చుట్టూ వీడియో తీయండి.

చీకటి పడేలోపు ఊళ్లో ఉండాలనే నియమం పెట్టుకోండి. డిసెంబర్ నుంచి మార్చి దాకా చెరకు కోతలు. మిల్లులకు వెళ్లే లారీలు తలకు మించిన లోడుతో, వెనక దీపాలు గడలు కప్పేసి, మెల్లగా పోతుంటాయి. రోడ్డు మీద జారిపడ్డ గడలు స్కూటర్‌ను పడేస్తాయి. సూర్యాస్తమయం ఆ నెలలో ఆరు లోపే.

విదేశీ కార్డుకు ఏటీఎం ఒక్కోసారి 220 బాత్ లేదా అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది, ఎంత తీసినా అంతే. కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. బస్సు, పార్కు గేటు, లైఫ్ జాకెట్, జే హోటల్ అన్నీ నగదే. వెయ్యి బాత్ నోట్లు సెవెన్ ఎలెవెన్‌లో మార్చుకుని 20, 100 నోట్లు ఉంచుకోండి.

సంగ్‌ఖ్లబురి చెక్క వంతెన గురించి కూడా అడిగారు. అది 323 రోడ్డు మీదే ఇంకా పైన, కాంచనబురి నుంచి 200 కిలోమీటర్లు దాటి, కొండ మలుపుల్లో నాలుగు గంటలకు పైగా పడుతుంది. దాన్ని చూడవలసింది తెల్లవారుజామున, మోన్ జాతివాళ్ల గ్రామంలోని బౌద్ధ భిక్షువులు భిక్షకు వచ్చే వేళ. ఒక రాత్రి అక్కడ పడుకోగలిగితేనే పెట్టుకోండి. పాప బండిలో వాంతి చేసుకునే రకమైతే ఈసారికి వదిలేయండి.